సుద్దతో రాసిన తారీఖు

పోయిన వారం మీరు నన్ను పార్కులో తంగేడు పొదల వెనక, మంచుకు తడుస్తూ గొంతుక్కూర్చున్న దగ్గర వదిలేసి వెళ్లారు. నేనింకా అక్కడే ఉన్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి, దోమలు విందు చేసుకున్నాయి. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. మొదటినుంచీ ఉన్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు శాలిని. గోదావరిఖనిలో ఇప్పలవాగు ఒడ్డున ఉన్న సర్కారు బడిలో టీచర్ని. మొన్నమొన్నటి దాకా ఇది వాగు కాదు, కాలనీ మురుగంతా మోసే కంపు కాలువ. ఆరేళ్లు దరఖాస్తులు పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి, "ఈ టీచరమ్మకు వేరే పనిలేదు" అనిపించుకుని, చివరికి దాన్ని బాగు చేయించాను. పూడిక తీశారు. రెండు పక్కలా కట్ట పోసి నడక దారి వేశారు. దిగువన ఇనుప షట్టరు కట్టి నిలువెత్తు నీళ్లు ఆపారు. మధ్యలో మనుషులు నడిచే చిన్న వంతెన. ఆదివారం ప్రారంభం. మా బడి పిల్లలు అరవై మంది ఆ వంతెన మీద నిలబడి పాట పాడాలి.

ఆ వంతెనకు మా బాపు పేరు పెట్టమని అడిగాను. బాపు పేరు యేసయ్య. ఈ వాగు కిందుగా పోయే బొగ్గుబాయిలో, కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. తొంభై ఎనిమిది వానకాలంలో వాగు నీళ్లు బాయిలోకి దూకినప్పుడు పోయాడు. మనిషి దొరకలేదు. ఆదివారం చర్చికి వేసుకునే బూట్లను పెట్టెలో పెట్టి సమాధి కట్టాం. విచారణ కాగితంలో మాత్రం, "కంచె దాటి, తనిఖీ చేయని చోటికి తన ఇష్టంతో వెళ్లాడు" అని రాసి ఉంది. తన తప్పుతో పోయినవాడి పేరు వంతెనకు ఎట్లా పెడతామమ్మా అని పార్కు కమిటీ వాళ్లు నా దరఖాస్తును మడతపెట్టి నా చేతికే ఇచ్చారు.

ఇక సుద్ద గొడవ. వారం రోజులుగా పార్కులో గోడ రాళ్ల మీద, నడక దారి అంచున ఎవరో సుద్దతో రాస్తున్నారు. ఒక తారీఖు, పక్కన "ము" అనే అక్షరం. కొన్నిచోట్ల తారీఖు లేకుండా పెద్ద ఇంటూ గుర్తు. మా పిల్లల పనే అనుకుని నలుగురిని ఎండలో నిలబెట్టాను. అంతటితో ఊరుకున్నానా? లేదు. సోమవారం ప్రార్థన గంటలో అందరికీ తలా ఒక గుడ్డపీలిక ఇచ్చి, "పార్కులో ఎక్కడ సుద్ద కనపడినా తడిగుడ్డతో తుడిచెయ్యాలె, ఇది మీ డ్యూటీ" అని హుకుం జారీ చేశాను. తుడిచిన మర్నాటికి మళ్లీ కొత్త తారీఖులు వస్తున్నాయి. దొంగెవరో చూద్దామని గురువారం తెల్లవారగానే వచ్చి పొదల వెనక చేరాను.

ఆరున్నరకు దొంగ వచ్చాడు. తెల్ల ధోవతి, మంకీ టోపీ, చేతిలో ఇనుప పొన్ను వేసిన వెదురు కర్ర. ముత్యం కాక.

మా క్వార్టరుకు నాలుగు గడపల అవతల ఉంటాడు. బాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. సర్దార్ అంటే పెత్తనం చేసేవాడని అనుకునేరు. బాయిలో సర్దార్ పని ఒకటే: మనుషుల కంటే ముందు తను లోపలికి పోవాలి. కప్పును కర్రతో తట్టి చప్పుడు వినాలి. గాలి చూడాలి. అంతా బాగుంటే అక్కడే సుద్దతో ఆ రోజు తారీఖు వేసి తన పేరులో ఒక అక్షరం రాయాలి. బాగలేని చోట ఇంటూ గీసి మనుషుల్ని ఆపాలి. వెనకొచ్చే కూలీ సర్దార్ ముఖం చూడడు, సుద్ద చూస్తాడు. ఈ సంగతి నాకు పలక పట్టని వయసు నుంచే తెలుసు. తెలిసి కూడా, పార్కులో "ము" అక్షరం కనపడితే పిల్లల్ని ఎండలో నిలబెట్టిన తెలివి నాది.

కాక వంగి వంగి నడుస్తూ మూడుసార్లు నేలను తట్టాడు. చెవి వంచి విన్నాడు. గోడ రాయి మీద తారీఖు వేశాడు. రెండడుగులు వేసి మళ్లీ తట్టాడు. అట్లా వంతెన దాకా వచ్చి, మొదటి మెట్టు పక్కన తట్టి, చాలాసేపు అట్లానే నిలబడిపోయాడు. తర్వాత ఇంటూ గుర్తు గీశాడు. నేను పొదల్లోంచి లేచాను.

"దొరికినవ్ కాకా! డెబ్బై ఆరేండ్లొచ్చినయి, గోడల మీద గీతలు గీసుకుంట తిరుగుతున్నవా? నీ వల్ల నా పిల్లలు ఎండల నిలబడ్డరు!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. సుద్ద చేతిలోంచి జారి రెండు ముక్కలైంది.

"నువ్వా బిడ్డా? గింత పొద్దుగాల ఏం జేస్తున్నవ్ గీడ?"

"దొంగను పడ్తున్న. నువ్వేం జేస్తున్నవ్?"

"నేల తట్టి సూస్తున్న."

"బాయి ఇడిసిపెట్టి పదహారేండ్లాయె. ఇంకా డ్యూటీ దిగలేదా?"

ఇంకో రోజైతే నవ్వేవాడు. నేనొకటంటే తను రెండనే మనిషి. ఆ పొద్దున నవ్వలేదు. కర్రను నా చేతికిచ్చి, వెనకగా పది అడుగుల దూరం చూపించాడు.

"ఆడ తట్టు."

తట్టాను. రాయిని కొట్టినట్టు పొడిగా మోగింది.

"ఇగ గీడ తట్టు."

వంతెన మెట్టు పక్కన తట్టాను. ఈసారి చప్పుడు పైకి రాలేదు, కిందికి పోయింది. ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టినప్పుడు లోపల గదుల్లో మోగుతుందే, అట్లా మోగింది. నా చెయ్యి దానంతటదే కర్రను వదిలేసింది.

"కొత్త మట్టి కదా కాకా, ఇంకా గట్టిపడి ఉండదు."

"కొత్త మట్టి మెత్తగ సప్పుడైతది. గిది డొల్ల. ముప్పై మూడేండ్లు కప్పు తట్టిన చెయ్యి బిడ్డా ఇది."

"డొల్ల ఎట్లయితది? వాగు కింద బొగ్గు తియ్యొద్దని రూలున్నది గద. కప్పును మోసే బొగ్గు పిల్లర్లు ఇడిసిపెట్టాలె. బాపే చెప్పేటోడు."

"రూలున్నది" అన్నాడు కాక. అని, పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. కొత్త బెంచీ. ఇంకా పాలిథిన్ కవరు కూడా తీయలేదు. ఆయన కూర్చుంటే అది కరకరమంది.

"పిల్లర్లు నేనే చెక్కిపిచ్చిన. రెండు వారాలు. ఆ నెల టన్నులు తక్కువ పడ్డయి, మా సెక్షనోళ్లను అందరి ముందట తిడుతున్నరు. వాగు కింద బొగ్గు బంగారం లెక్క మెరుస్తుండె. ఇంత చెక్కితె ఏమైతదని ఒకరోజు ఇంత, ఇంకోరోజు ఇంత. సర్వేయరు నెలకొకపారి వచ్చి కొలుస్తడు. ఆయన వచ్చే లోపట్నే నీళ్లొచ్చినయి. బాయికి గోడ కట్టి మూసిండ్రు. ప్లాన్ల పిల్లర్లు అట్లనే ఉన్నయి. కింద లేవు."

నేను నిలబడే ఉన్నాను. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

"బాపు అటు ఎందుకు పోయిండు? నువ్వు కంచె కట్టినవ్ గద. కట్టినని విచారణల చెప్పినవ్ గద."

కాక తల దించుకున్నాడు. నాకు అర్థమైంది. కానీ నా నోటితో నేను అనదలుచుకోలేదు. ఆయన నోటి నుంచే రావాలి.

"చెప్పు కాకా."

"కంచె కట్టలె."

"మరి?"

"సుద్ద రాసిన."

పైన ఎన్టీపీసీ పొగగొట్టాల వైపు ఏదో పిట్టల గుంపు పోతోంది. వాటినే చూస్తూ చెప్పాడు, నా ముఖం చూడలేక.

"ముందటి దినం నుంచే కప్పుకెల్లి నీళ్లు కారుతున్నయి. నాకు ఎరికే. ఆ దినం రెండో షిఫ్టు. లోపటికి పోదామని మలుపు దాక పోయిన. కాలు రాలె బిడ్డా, భయమైంది. బాగలేదని రాస్తె పని బంద్ అయితది, ఎందుకు బాగలేదని ఆఫీసర్లొస్తరు, పిల్లర్లు చెక్కింది బయటపడ్తది. అందుకని మలుపు కాడ్నే నిలబడి, దిమ్మె మీద తారీఖేసి, అక్షరం రాసి, మర్రొచ్చిన. నాకు భయమైన చోటికి మీ బాపును తోలిన."

"బాపు చూసిండా?"

"సూసిండు. సుద్ద లేకుంట ఒక్కనాడు అడుగు పెట్టనోడు మీ బాపు. లైటేసి తారీఖు సూసిండు. నా అక్షరం సూసిండు. ఎనక్కి మర్రి నా దిక్కు సూసి, 'ముత్యమన్న రాసిండంటే ఫికర్ లేదు' అన్నడు. దిమ్మె భుజానేసుకొని పోయిండు. పావుగంట కాలె. నీళ్లు."

"సుద్ద?"

"నీళ్లు కడిగేసినయి. నాకు అదే ఆసరా అయింది. రాయలేదన్న. కంచె కట్టిన, యేసయ్యే దాటి పోయిండన్న. పోయినోడు వచ్చి చెప్తడా?"

ఇరవై ఆరేళ్లు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని పండుగలకు ఈ మనిషి మా ఇంట్లో అన్నం తిన్నాడు! బాపు పెట్టెను మోసిన నలుగురిలో ఈయనొకడు. ఖాళీ బూట్ల పెట్టెను మోస్తూ అందరికంటే బిగ్గరగా ఏడ్చింది ఈయనే. మా తమ్ముడు ఇమ్మాన్యుయేల్‌ని మొదటిరోజు డ్యూటీకి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఈయనే.

ఇంకొకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గవుతోంది. నేను ఆ కాగితాన్ని నమ్మాను. మా అమ్మ సుసన్నా ఒక్కరోజు కూడా నమ్మలేదు. "మీ బాపు అట్లాంటోడు కాడు" అని ఊరందరితో కొట్లాడింది. నేను మాత్రం లోలోపల, ఎందుకు పోయావు బాపూ, మేం గుర్తుకురాలేదా నీకు అని ఆయన్నే నిందిస్తూ పెరిగాను. బాపు డ్యూటీ నుంచి వస్తూ చొక్కా జేబులో సుద్దముక్కలు తెచ్చేవాడు. "ముత్యమన్న ఇచ్చిండు బిడ్డకు" అని నా చేతిలో పెట్టేవాడు. ఆ ముక్కలతోనే నాకు అక్షరాలు వచ్చాయి. ఆ సుద్దనే నమ్మి బాపు చచ్చిపోయాడు. నేను ఆ సుద్దతోనే బతుకుతున్నాను.

"గిన్నేండ్లు మూసుకున్న నోరు ఇప్పుడెందుకు తెరిచినవ్ కాకా?" అని అరిచాను. "పోయేటప్పుడు నీతోనే తీసుకపోకపోయినవా!"

"తీసుకపోదామనే అనుకున్న. బాయి మూసినంక లోపల నీళ్లు నిండినయి. ఆ నీళ్లే కప్పును మోసినయి. ఇప్పుడు పక్క బాయోళ్లు మోటర్లు పెట్టి తోడుతున్నరు, లోపల ఖాళీ అయింది. పైన సూస్తె నువ్వు షట్టరు కట్టిపిచ్చి నిలువెత్తు నీళ్లు ఆపినవ్. మురుగు కాలువ ఉన్నన్ని దినాలు ఏం కాలె. నువ్వు దాన్ని వాగు చేసినవ్ బిడ్డా."

ఆరేళ్లు చెప్పులరిగేలా తిరిగి, నా చేతులతో నేనే ఈ బరువును తెచ్చి ఆ ఖాళీ మీద పెట్టాను. అది కూడా బాపు మీద.

"అందుకని వారం సంది తట్టి రాస్తున్న. ఒక్క అడుగు ఇడిసిపెట్టకుంట, నిజంగ పోయి, నిజంగ తట్టి. రాసిందల్ల పొద్దుందాక ఎవరో తుడుస్తున్నరు. అయినా రాస్తున్న." కాక కళ్లు తుడుచుకున్నాడు. "వంతెనకు ఆ కొసన మొదలే ఇంటూ పెట్టొచ్చిన, ఈ కొసన ఇప్పుడు పెట్టిన."

తుడిపించింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

"తొమ్మిదికి ఇంజనీరు సార్ పనులు చూడనీకి వస్తడు. ఇదంత ఆయనకు చెప్పాలె. పిల్లర్ల సంగతి, సుద్ద సంగతి, రెండూ. చెప్తవా?"

"చెప్త. రాసియ్యమన్నా రాసిస్త. జైల్ల ఏస్తె ఏస్తరు. మీ బాపు మీద ఒట్టు బిడ్డా."

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. ప్రారంభం ఆగిపోతుంది, పిల్లలు బతుకుతారు. కాగితం మీద బాపు తప్పు చెరిగిపోతుంది. ఒక్క మాటతో రెండు పనులు. ఆయన పక్కన బెంచీ మీద కూర్చుని తొమ్మిదింటి దాకా ఎదురుచూశాను. వాగు నీళ్లు రాతికట్ట మీద తడి గీత కంటే జానెడు కిందికి ఉన్నాయి. పార్కు పని చూసే సారక్క షట్టరు కాస్త తెరిచిందేమో అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

వేణుమాధవ్ సార్ తొమ్మిదిన్నరకు వచ్చాడు. మున్సిపాలిటీ ఇంజనీరు. జ్యోతినగర్ ఎన్టీపీసీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, మాట మెత్తన, ఇస్త్రీ చొక్కా. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కింద డొల్ల ఉందని, పిల్లర్లు లేవని, ముత్యం కాక అప్పుడు అక్కడ సర్దారని, రాసివ్వడానికి సిద్ధంగా ఉన్నాడని. ఆయన నవ్వలేదు, కొట్టిపారెయ్యలేదు. బండి దగ్గరికి పోయి ఫైలు తెచ్చాడు. బెంచీ మీద ప్లాను పరిచాడు.

"ఇదిగో మేడమ్, బాయి వాళ్లిచ్చిన ప్లాను. వాగు కింద పిల్లర్లు మొత్తం ఉన్నాయి. అయినా దీన్ని మాత్రమే నమ్మి కట్టలేదు. వంతెన కట్టే ముందు పది చోట్ల బోరు వేసి నేల చూశారు. నలభై అడుగుల దాకా గట్టిగా ఉందని రిపోర్టు. తాతా, మీరు చెప్పేది నిజమైతే ఈ రిపోర్టు అబద్ధం కావాలి."

"బోరు ఎవలేసిండ్రు సార్?" అని అడిగాడు కాక.

"కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మీ అబ్బాయే కదా, సంపత్. దగ్గరుండి వేయించి సంతకం పెట్టాడు. ఇదిగో."

కాక కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదువు అంతంతమాత్రం, కానీ కొడుకు సంతకం గుర్తుపట్టాడు. దాని మీద వేలు పెట్టాడు.

"బోరు మిషను ఏ నెలల వచ్చింది సార్?"

"ఫిబ్రవరిలో. పది రోజులు పట్టిందని ఉంది."

కాక ప్రతిరోజూ ఈ కట్ట మీదే కూర్చుంటాడు. తవ్వకం మొదలైన రోజు నుంచి ప్రతి లారీ, ప్రతి తట్ట ఆయనకు లెక్కే. ఫిబ్రవరిలో ఇక్కడికి బోరు మిషను వస్తే కాలనీలో పిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా అందరూ చూసేవాళ్లం. ఏ మిషనూ రాలేదు. నాకు తెలుసు. కాకకు తెలుసు. సంపత్ ఇక్కడికి రాకుండానే, ఎక్కడో కూర్చుని, నేల గట్టిగా ఉందని రాసి సంతకం పెట్టాడు.

"ఒకవేళ రిపోర్టు తప్పని తేలితే..." అని వేణుమాధవ్ సార్ మెల్లగా అన్నాడు, "కేసు మొదట ఈ సంతకం పెట్టినవాడి మీదే పడుతుంది తాతా. పిల్లల ప్రాణాల విషయం కాబట్టి మామూలు కేసు కూడా కాదు. అందుకని బాగా ఆలోచించి చెప్పండి. మీరు రాసిస్తే ఈ నిమిషమే పని ఆపేస్తాను. వంతెన కింద పిల్లర్లు లేవని మీకు కచ్చితంగా తెలుసా?"

నేను కాక ముఖం చూశాను. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు. ఆ ముసలాయన కడుపు చించుకోబోయి ఆగిపోవడం నా కళ్లారా చూశాను.

"కాకా" అన్నాను. "చెప్పు కాకా. ఒట్టేసినవ్."

ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సార్‌కు తిరిగి ఇచ్చాడు.

"నాకేం తెల్వది సార్. ముసలోన్ని. పొద్దు పోక, పాత డ్యూటీ యాదికొచ్చి గీతలు గీసుకున్న."

"కాకా!"

"శాలినికి బాపు అంటే పావురం, పానం సార్. నేనొకటంటే ఇంకోటి ఇన్నది. దాన్ని ఏమనకుండ్రి."

నేను ఏమేం అన్నానో నాకు సరిగా గుర్తులేదు. పిల్లర్లన్నాను, సుద్దన్నాను, ఒట్టన్నాను. ఆయన చొక్కా పట్టుకున్నానని మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఒక గుండీ నా చేతిలోకి ఊడివచ్చింది. కర్ర తీసుకుని మెట్టు పక్కన దబదబా బాదాను. "వినండి సార్, మీరే వినండి!" అన్నాను. వేణుమాధవ్ సార్ విన్నాడు. నా వైపు జాలిగా చూశాడు. చప్పుడు అర్థం కావాలంటే చెవి ఒక్కటి ఉంటే చాలదు, కప్పు కింద బతికి ఉండాలి.

"మేడమ్, మీ నాన్నగారి విషయంలో మీ బాధ నాకు తెలుసు. వంతెనకు ఆయన పేరు పెట్టనందుకు..." అని ఆగాడు. "మాట మీద పని ఆపలేను. పైవాళ్లు ఏ ఆధారం అని అడుగుతారు. సోమవారం నేనే ఇంకోసారి నేల పరీక్ష చేయిస్తాను, సరేనా?"

"ఆదివారం పిల్లలు నిలబడ్డంక సోమవారం ఏం పరీక్ష సార్?"

ఆయన ప్లాను మడిచాడు. ఫైలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇద్దరమే మిగిలాం. కాక కర్ర కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"బాపును రెండోసారి చంపినవ్ కాకా."

"నా కొడుకు బిడ్డా" అన్నాడు. "వాడు పోకుంటనే రాసిండు. నా లెక్కనే. నేను నేర్పలె, సూపియ్యలె. ఎట్ల వచ్చింది వానికి ఆ బుద్ధి?"

"అరవై మంది పిల్లలు కాకా!"

"ఎరికే. నన్ను తిట్టు. మన్ను వొయ్యి. నా నోట్లెకెల్లి మాట మాత్రం రాదు."

కర్ర లేకుండానే లేచాడు. గోడ పట్టుకుని, తను రాసిన ఒక్కొక్క తారీఖు మీదుగా చెయ్యి జరుపుకుంటూ గేటు వైపు నడిచాడు. ఆయన మీద ఉమ్మెయ్యాలని ఉంది. పరిగెత్తి పట్టుకుని, పడిపోకుండా నడిపించాలనీ ఉంది. రెండిట్లో ఏదీ చెయ్యలేదు. బెంచీ మీద కూలబడి ఏడ్చాను. నా జన్మలో అంత నిస్సహాయంగా ఏడ్చింది ఇంకొక్కసారే, బూట్ల పెట్టె మీద మట్టి వేసినప్పుడు.

ఎంతసేపయిందో. "గిదేంది టీచరమ్మా, గీడ గూసున్నవ్?" అన్న గొంతు విని తలెత్తాను. సారక్క. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో మొక్కలకు నీళ్లు పట్టే పైపు.

కళ్లు తుడుచుకుని, ఏదో ఒకటి మాట్లాడాలని, "నీళ్లు ఎందుకు ఇడుస్తున్నవ్ సారక్కా?" అన్నాను. "ఆదివారం దాక నిండుగ ఉండనియ్యి."

"ఏడ ఇడిసిన?"

"షట్టరు తెరిచినవ్ గద. పొద్దుగాల జానెడు దిగినయి." రాతికట్ట వైపు చెయ్యి చూపించాను. చూపించిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తడి గీత నీటికి జానెడు పైన లేదు. మోకాలెత్తు పైన ఉంది.

"అయ్యో, నేను షట్టరు ముట్టలె టీచరమ్మా" అంది సారక్క. "పండుగని చెప్పి వారం సంది బిగిచ్చే ఉన్నది. తాళపుచెయ్యి సూడు, నా కొంగుకే ఉన్నది."

వంతెన కిందికి చూశాను. మధ్య దిమ్మె పక్కన ఒక ఎండిన రావి ఆకు నీటి మీద గుండ్రంగా తిరుగుతోంది. మెల్లగా తిరిగింది. తర్వాత జోరుగా తిరిగింది. తర్వాత లేదు. నీళ్లు బాపు దగ్గరికి పోతున్నాయి, ఇరవై ఆరేళ్ల కింద పోయిన దారినే.

సుద్దముక్క కోసం నేలంతా వెతికాను. కాక చేతిలోంచి పడ్డది బెంచీ కింద దొరికింది. మెట్ల మీద కాక గీసిన ఇంటూ కనపడేలా దిద్దాను. అవతలి కొసన కూడా కాక ఇంటూ పెట్టానన్నాడు, అది ఉంది కదా, ఎవరూ ఎక్కరు, ముందు పోలీసులకు ఫోను చెయ్యాలి అనుకుంటూ సంచిలో ఫోను వెతుకుతున్నాను.

అప్పుడు అవతలి ఒడ్డున కేరింతలు వినిపించాయి. పాట ప్రాక్టీసు. పదిన్నరకు రమ్మని నేనే చెప్పాను.

తెల్ల చొక్కాలు, నీలం పావడాలు, వరసగా, నేను నేర్పినట్టే. వరస ముందు ఐదో తరగతి దీప. వంతెన అవతలి మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఏదో చేస్తోంది. లేచింది. వంతెన మీద గబగబా నాలుగడుగులు వేసి, నన్ను చూసి, చేతిలోని తడిగుడ్డను పైకెత్తి ఊపింది. దాని వెనక మిగతా పిల్లలంతా ఒక్కొక్కరే వంతెన ఎక్కుతున్నారు.

"టీచర్!" అని అరిచింది సంతోషంగా. "గీడ ఇంత పెద్ద ఇంటూ ఉండె! మీరు చెప్పినట్టే మొత్తం తుడిచేసిన!"